పడనివాళ్ళ చేతిలో తాడు

ముప్పై ఎనిమిదో మునక

ఇవాళ కన్నం దగ్గరికి నాకంటే ముందు దొరలు వచ్చి నిలబడ్డారు. దొరలంటే పెంగ్విన్లు. ఆ పొట్ట, ఆ నడక, పని చేసేవాళ్ళను ఊరికే నిలబడి చూసే ఆ తీరు గమనించి మా ముత్తాతల నాడే ఎవరో ఆ పేరు పెట్టారు. మంచురేవులో అందరం అలాగే అంటాం. దొరలు దిగేదాకా మేం దిగం. కన్నం వాళ్ళదే, మేం తరవాత వచ్చినవాళ్ళం.

ఒక దొర కాస్తంత గాలి పీల్చి దిగాడు. అంటే మంచు అడుగున తిరిగి వచ్చేస్తాడన్నమాట. ఇంకొకడు ఒడ్డున నిలబడి గబగబా ఊపిరి తీసి తీసి, చివరికి రొమ్ము నిండా పట్టి దిగాడు. వాడు ఇప్పట్లో రాడు. ఎంత లోతుకు పోవాలో ముందే అనుకుని, దానికి సరిపడా గాలి తీసుకోవడం వాళ్ళకు పుట్టుకతో వచ్చింది. దగ్గరి లోతుకు ఎక్కువ గాలి పడితే పైకి తేలిపోతారు, దూరానికి తక్కువ పడితే తిరిగి రాలేరు. మేమూ అది చూసే నేర్చుకున్నాం. అందుకే దిగేముందు ఎన్ని బారల లోతుకు పోతున్నామో పైకి చెప్పాలి. చెప్పాక నీళ్ళలో మనసు మార్చుకోవడం మాకు లేదు.

"పదహారు బారలు," అన్నాను.

దాలమ్మక్క నా నడుముకు తాడు ముడివేసింది. "ఇనబడింది. అంత గట్టిగా అరవక్కర్నేదు."

దాలమ్మక్క నా తోడికోడలు, మా బావగారి భార్య. మా ఇద్దరికీ పడదు. పడదు గనకే తాడు ఆమె చేతిలో ఉంది.

పని ఎప్పటిదే. ఊరికి వేడినిచ్చే యంత్రం సముద్రపు నీటిని ఒక గొట్టంతో పీల్చుకుంటుంది. ఆ గొట్టం నోటికి ఇనప జల్లెడ తలుపు ఉంది. దానికి మంచు పొలుసులు పట్టి ఊపిరాడకుండా చేస్తాయి. గడ్డపారతో గీకి రావాలి. గాలి సిలిండర్లు ఇక్కడి చలికి మూతి దగ్గరే గడ్డకట్టాయట, వాటిని నమ్ముకుని దిగినవాళ్ళు పైకి రాలేదట. అందుకని మాలో కొందరికి చిన్నతనంలోనే డాక్టరమ్మ సూది వేస్తుంది. సూది పడ్డవాళ్ళ కండ కోసి చూస్తే కార్జం రంగులో ఉంటుంది. దొరల కండ కూడా అదే రంగు. ప్రాణవాయువును తనలోనే దాచుకునే కండ అది.

నీళ్ళలో మునగ్గానే గుండె నెమ్మదించింది. ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకుంటుందా అని అనుమానం వచ్చేంత నెమ్మది. కాళ్ళకు, చేతులకు, పేగులకు పోయే రక్తం దారులు మూసుకున్నాయి. రక్తంలో ఉన్న ప్రాణవాయువు మెదడుకూ గుండెకూ మాత్రమే. కండలు తమలో దాచుకున్నదానితో పని చేసుకోవాలి. గీకాను, వచ్చాను. అక్క తాడు చుట్టచుట్టి, మూతి తిప్పుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సభ రోజు

నెలకోసారి రేవు సభలో మునిగేవాళ్ళూ తాడు పట్టేవాళ్ళూ జంటగా నిలబడి తగువు చెప్పుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది చూసి నవ్వుతారు. మాకు నవ్వు రాదు.

మొదటి ఏళ్ళలో తల్లులూ మొగుళ్ళూ తాడు పట్టేవారు. లోపలి మనిషి ఎంతకీ రాకపోయేసరికి ప్రాణం ఆగక ఒక్కసారి లాగేవారు. లాగితే ఏమవుతుందంటారా? దొరలకు పైకి తిరగ్గానే గుండె వేగం పెరుగుతుంది. గాలి దగ్గరే ఉందని ఒళ్ళు నమ్మి, మూసిన దారులన్నీ తెరిచి, దాచుకున్నది అంతా పంచేస్తుంది. తాడు కదిలితే మా ఒళ్ళూ అలాగే నమ్ముతుంది. చెయ్యి ఇరుక్కుని ఉన్నా, పని సగంలో ఉన్నా దానికి తెలియదు. ఇంటికి పోతున్నాం అనుకుని మెదడు కోసం ఉంచిన రక్తాన్ని కాళ్ళకు తోలేస్తుంది. కళ్ళు చీకట్లు కమ్ముతాయి, అంతే. అలా చాలామంది పోయారు. చంపింది భయమూ, ప్రేమా అని పెద్దలు తేల్చారు. అప్పటినుంచి పడనివాళ్ళకే తాడు. పడనివాళ్ళు కంగారుపడరు. లోపలి మనిషి పైకి తిరిగి, తానే తాడు లాగి సైగ చేసినప్పుడు లాగుతారు.

ఇవాళ నేను చెప్పాను: "ఏడి గొట్టం మీద నా ఉన్ని బట్టలు ఆరేసుకుంటే తీసి కింద పారేసి తనవి ఏసుకుంది. ఒకసారి కాదు, ఈ సలికాలమంతా ఇదే."

అది నిజం. మా గదిని వెచ్చబెట్టే గొట్టం మీద చోటు ఒకరి బట్టలకే.

అక్క చెప్పింది: "గురక పెడతాది. సెప్తే ఒప్పుకోదు. మా మరిది ఏట ఓడెక్కి పారిపోయింది ఈ గురక పడనేకే."

సభంతా నవ్వింది. మా ఆయనా బావగారూ వేట ఓడలో వెళ్ళి మంచు విడిచేదాకా రారు. అందాకా మేమిద్దరమే ఒక గదిలో. రేవు పెద్ద బైరాగి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "తగువు నిలిచింది," అన్నాడు. అదే తీర్పు. తాడు ఆమెదే.

నలభై మూడో మునక

ఈ ఏడాది పొలుసులు వదలడం లేదు. ఎక్కడో కొండ మీది మంచు కరిగి, ఆ మంచినీళ్ళు సముద్రపు మంచు అడుగుకు పాకుతున్నాయట. అవి చల్లటి ఉప్పునీటిని తాకినచోటల్లా పొలుసులు పుడుతున్నాయట. గీకిన మర్నాటికే జల్లెడ మూసుకుపోతోంది. వేడి చాలక పిల్లలందరినీ తెచ్చి ఒకే గదిలో పడుకోబెడుతున్నారు. నాతోపాటు మునిగే రాములమ్మ కర్ణభేరి చిరిగి మంచాన పడింది. మిగిలింది నేనొక్కదాన్నే.

పైకి వచ్చాక వణుకు ఆగలేదు. జ్వరం. పళ్ళు కొట్టుకుంటుంటే దాలమ్మక్క గొట్టం మీద నుంచి తన బట్టలు తీసి కింద పెట్టి, నావి వేసింది. సీలు నూనె వెచ్చబెట్టి నా రొమ్ముకు రాసింది. తరవాత నా రెండు పాదాలూ తన రవికె కింద పొట్టకు ఆనించుకుని కూర్చుంది. నేను ఆమె ముఖంలోకే చూశాను.

"అలాగ సూడకు," అంది. "నీ మీద పేమ కారిపోయి కాదు. నువ్వు పోతే ఆ నోరు ఎవులు గీకుతారు?"

జ్వరం తగ్గేదాకా అలాగే కూర్చుంది. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి చూస్తే వల లాగేటప్పుడు పాడే పాత పాటేదో సన్నగా పాడుతోంది. నేను చూస్తున్నానని తెలియగానే మానేసింది.

సభ రోజు

చెప్పడానికి నా దగ్గర తగువు లేదు. పొద్దున లేచినప్పటినుంచీ వెతుకుతున్నాను. బట్టలు? ఇప్పుడు గొట్టం మీద నావే ఉంటున్నాయి. తిండి? దిగే రోజు మేం తినకూడదు. పేగులకు రక్తం ఆగిపోతుంది గనక తిన్నది రాయిలా ఉండిపోతుంది. పైకి వచ్చేసరికి చేపల పులుసు పొయ్యి మీద సిద్ధంగా ఉంచుతోంది. ఏమని తిట్టను? చివరికి సభలో, "పులుసులో పులుపెక్కువ," అన్నాను. అని, నా చెవులకే సిగ్గేసింది.

బైరాగి కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదేటి తగువమ్మా?"

అప్పుడు అక్క ముందుకు వచ్చింది. వేలు చూపించి, గది కప్పు ఎగిరిపోయేలా అరిచింది: "నా నూనె దొంగిలించింది పెద్దా! సీలు నూనె డబ్బాడు! నాను నిద్దరపోతే తీసి ఒంటికి రాసీసుకుంది. దొంగముండ!"

జనం గుసగుసలాడారు. బైరాగి తల ఊపి, "తగువు నిలిచింది," అన్నాడు.

ఆ నూనె రాసింది ఆమె చేతులే. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. దొంగముండ అన్నందుకు కాదు, అది అబద్ధమైనందుకు నేను ఉలిక్కిపడ్డాను. ఆమె కూడా తగువు వెతుక్కుంటోంది. ఆమెకూ దొరకడం లేదు.

ఇది రాస్తుంటే నవ్వూ వస్తోంది, భయమూ వేస్తోంది. నన్ను ఒక మనిషి అంతగా ఇష్టపడుతోందని తెలిసిన రోజున నేను సంతోషించాలి. కానీ ఆ మనిషి చేతిలో నా తాడు ఉంది. ఇష్టపడ్డ చెయ్యి లాగుతుంది. లాగితే నేను పోతాను.

మునక లేదు

ఇంజనీర్లు గొట్టాన్ని ఇంకా కిందికి దించారు. అక్కడ పొలుసులు తక్కువని వాళ్ళ ఆశ. ఇప్పుడు నోరు ఇరవై రెండు బారల దగ్గర ఉంది. అంత లోతు ఈ ఊళ్ళో ఎవరూ దిగలేదు. అయినా వారం తిరక్కుండానే అక్కడా మూసుకుపోయింది. వేడి సగానికి పడిపోయింది. పిల్లల గదిలో నీళ్ళ బిందె మీద మంచు పెంకు కట్టింది.

బైరాగి పెద్ద దగ్గరకు వెళ్ళాను, మా తగువు నిలవలేదని చెప్పేద్దామని. రాములమ్మకు తాడు పట్టిన గంగులుకు నా తాడు ఇప్పించమని అడుగుదామని. గంగులుకు నేను బతికినా చచ్చినా ఒకటే, అలాంటివాడు దొరకడం ఒక రకంగా అదృష్టం. ఆయన వల కుడుతున్నాడు. "ఏటమ్మా తవిటీ, ఏటైనా సెప్పాలా?" అన్నాడు.

నోటి దాకా వచ్చింది. కానీ ఆ చీకట్లో, అంత లోతున, నడుముకు కట్టిన తాడు పైన ఎక్కడో గంగులు చేతిలో ఉందనుకుంటే నాకు దిగబుద్ధి కాలేదు. అతనికి నేను లేకపోయినా తెలియదు. అక్క లాగినా సరే, అక్కే పట్టుకోవాలనిపించింది. తెలివితక్కువతనమని తెలుసు.

"ఏటీ నేదు పెద్దా," అని వచ్చేశాను.

అక్కకు ఏమీ చెప్పలేదు. ఇద్దరం పొయ్యి ముందు చెరో పక్కకు తిరిగి కూర్చున్నాం. ఇంత కష్టమైన మౌనం మేం నిజంగా పోట్లాడుకునే రోజుల్లో కూడా లేదు.

నలభై తొమ్మిదో మునక

కన్నం చుట్టూ ఊరంతా చేరింది. ఇంతమంది రాకూడదు, కానీ ఎవరిని ఆపుతాం? వాళ్ళ పిల్లలు చలికి ముడుచుకుని పడుకున్నారు.

"ఇరవై రెండు బారలు," అన్నాను.

అక్క ముడివేసింది. ముడి వేసిన చెయ్యి ఒక క్షణం ఎక్కువసేపు నా నడుము మీద ఉంది. "ఇనబడింది," అంది.

దొరలా గబగబా ఊపిరి తీశాను. గుండెను పరిగెత్తించి, రక్తాన్నీ కండల్నీ నింపుకున్నాను. రొమ్ము నిండా పట్టి దిగాను. పైనున్న వెలుగు పచ్చబడి, నీలమై, చివరికి మసకగా మిగిలింది. గుండె మందగించింది. తాడు నా వెనకే జారుతూ వచ్చింది.

జల్లెడ మీద పొలుసులు పేరుకుని నా ఎత్తున్న గడ్డ అయ్యాయి. తలుపు అంచు నుంచి పొడవడం మొదలుపెట్టాను. గడ్డ చట్రం నుంచి విడిచింది. ఇక్కడే నేను తప్పు అంచనా వేశాను. నీళ్ళలో మంచు కిందికి పడదు, పైకి లేస్తుంది. గడ్డ లేస్తూ లేస్తూ తలుపును కూడా తనతో లేపి, నా ఎడమ మణికట్టును తలుపుకూ చట్రానికీ మధ్య బిగించేసింది.

నొప్పి పెద్దగా తెలియలేదు. ఆ చేతికి రక్తం పోవడం ఎప్పుడో మానేసింది. ఒళ్ళు ఇంకా మూసుకునే ఉంది, అదే నా ఆయుష్షు. కుడిచేత్తో గడ్డపార పట్టుకుని తలుపు మీది మంచును ముక్క ముక్కగా పగలగొట్టడం మొదలుపెట్టాను. మంచు తరిగితే తలుపు బరువుకు దిగుతుంది. వేరే దారి లేదు.

భుజం కండ ముందు అయిపోయింది. అందులో దాచుకున్నది ఖర్చయి మంట పుట్టింది. ఆ మంట మెడకు పాకింది. చూపు ఇరుకైంది. ఆ ఇరుకు చూపులో తాడు కనిపించింది. అది నా నడుము నుంచి పైకి నిటారుగా ఉంది. కదలడం లేదు.

ఇప్పుడు లాగుతుంది అనుకున్నాను. ఇంతసేపు నేనెప్పుడూ ఉండలేదు. పైన అందరూ లాగమంటూ ఉంటారు. ఏ తల్లి అయినా లాగుతుంది. అక్క లాగుతుంది, గుండె నమ్ముతుంది, దారులు తెరుచుకుంటాయి, నేను ఇక్కడే తలుపుకు వేలాడుతూ నిద్రపోతాను. నీళ్ళలో ఏడవలేం గాని నాకు ఏడుపు వచ్చింది. లాగొద్దే అక్కా, లాగొద్దే తల్లీ, అని లోపల్లోపల బతిమాలుతూ పొడిచాను.

తాడు కదల్లేదు. నేను పోయాననుకుని వదిలేసిందా అని కూడా అనిపించింది. అలా అనిపించినప్పుడు ఎంత ఒంటరిగా ఉంటుందో చెప్పలేను. అయినా పొడిచాను. పెద్ద ముక్క విరిగి పైకి పోయింది. తలుపు దిగింది. చెయ్యి వచ్చింది.

పైకి తిరిగి తాడును లాగాను. ఒకే ఒక్కసారి. నా చేతిలో అంతకన్నా బలం లేదు. మరుక్షణం తాడు బిర్రబిగిసి నన్ను ఎత్తుకుపోయింది. అప్పుడు గుండె పరుగందుకుంది. దాన్ని అందుకోనిచ్చాను.

అదే రోజు, తరవాత

నన్ను మంచు మీదికి ఈడ్చారు. గాలి పీల్చాను, పీల్చాను, ఇంకేమీ చేయలేకపోయాను. గుండె దడదడ ఎంతకీ తగ్గలేదు. కళ్ళు తేటపడ్డాక మొదట అక్క కోసం చూశాను. ఆమె నాకు వీపు చూపించి కూర్చుని ఉంది. తాడు లాగింది ఆమె కాదు, గంగులూ మిగతావాళ్ళూ.

బైరాగి పెద్ద వంగి నా చెవిలో చెప్పాడు. "నువ్వు దిగ్గానే సేతి తొడుగులు ఇప్పీసిందమ్మా. ఉత్త సేతులు తీసికెళ్ళి మంచులో కుక్కీసింది. ఏటే పిచ్చిదానా అంటే, మొద్దుబారిన సేతులు లాగనేవు పెద్దా అంది. తాడు దవడ కింద పెట్టుకోని మెడతో ఇనుకుంటా కూకుంది. ఊరంతా లాగు లాగు అని మీద పడితే కరిసీసినంత పని సేసింది. నీ సైగ తగల్గానే లాగండిరా అని ఒకటే కేక. తనకి లాగడానికి సేతులేవీ?"

పాక్కుంటూ ఆమె ముందుకు వెళ్ళాను. చేతులు ఒడిలో పెట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లగా, మైనంలా ఉన్నాయి. మెడ మీద తాడు ఒరిసి తోలు లేచిపోయింది. నా ముఖం చూసింది. ఆమెను పట్టుకుని గట్టిగా ఏడవాలనిపించింది. నా జన్మలో ఇంకెవరి మీదా నాకు అంత ప్రేమ పుట్టలేదు.

కానీ ఊరంతా చూస్తోంది. వాళ్ళందరి ముందు ఇప్పుడు ఆమెను కౌగలించుకుంటే వచ్చే మునకకు తాడు ఇంకొకరి చేతిలో ఉంటుంది. బైరాగి పెద్ద నిటారుగా నిలబడ్డాడు. పెద్ద మునక తరవాత అడగాల్సినది అడిగాడు. "తవిటమ్మా, దాలమ్మా. మీ తగువు నిలిసుందా?"

అక్క తల దించుకుంది. ఆమె వల్ల కాదని నాకు అర్థమైంది. ఆమె దగ్గర ఇంక అబద్ధం మిగల్లేదు.

"నిలవక సస్తాదా!" అని అరిచాను. గొంతు చీలిపోయింది. "సూడండి పెద్దా ఈవిడ వరస! తాడు పట్టుకోడానికి ఒచ్చి సేతికి తొడుగులైనా ఏసుకోనేదు. ఏళ్ళు సెడగొట్టుకుంది. రేపు నాను దిగితే ఏ సేతుల్తో పడతాదట? నా పేనమంటే అంత సులకనా ఈ మనిషికి? ఈవిడ మొకం నాను సూడను!"

చూస్తూనే ఉన్నాను. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, అవి సముద్రపు నీళ్ళని అందరూ అనుకోవచ్చు.

అక్క తల ఎత్తింది. ఒక క్షణం పట్టింది ఆమెకు. "నీ ముకం సూడాలని ఎవులికున్నాదే?" అంది. "అంతసేపేటి అక్కడ? నిద్దరపోయినావా? నాను ఇక్కడ గడ్డకట్టుకుపోవాలా నీకోసం? సిగ్గునేనిదానా!" అంటూ ఆగకుండా తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. నేనూ తిట్టాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం అలా అరుచుకుంటుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పుకున్నారు.

బైరాగి పెద్ద ఆమె చేతులవైపు చూశాడు, నావైపు చూశాడు. తరవాత గొంతు సవరించుకుని, "తగువు నిలిచింది," అన్నాడు. "ఆ సేతులు కాస్త మానీదాకా ఎవులూ దిగరు. నోరు తెరుసుకుంది కదా, పిల్లలు అందాకా ఎచ్చగుంటారు."

మునక లేదు

డాక్టరమ్మ రెండు వేళ్ళ కొసలు తీసేసింది. మిగతావి నిలుస్తాయట. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. గొట్టంలో నీళ్ళు పారుతున్న చప్పుడు గోడలో వినబడుతోంది.

చేపల పులుసు నేనే వండాను. అన్నం కలిపి ముద్ద చేసి అక్క నోట్లో పెట్టాను. నమిలింది, ముఖం అదోలా పెట్టింది.

"ఉప్పు సాల్నేదే తవిటీ," అంది.

"ఒచ్చే సభలో సెప్పు," అని ఇంకో ముద్ద పెట్టాను.